పురుగుల చదువు చదివితే మా అమ్మాయి గతేమిటి?

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ప్లస్ టూ అయింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. ఐఏటీ (ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల ప్రవేశ పరీక్ష) కూడా రాసింది. బీటెక్ బయోటెక్నాలజీలో చేరమంటే వద్దంటోంది. ఒంట్లో చేరే పురుగులు మన రోగనిరోధక శక్తిని ఎలా లొంగదీసుకుంటాయో చదువుతుందట. రెండింట్లో ఏది మేలు? బంధువులు అడిగితే ఏమని చెప్పాలి?"

అయ్యా, మీ అసలు టెన్షన్ ఆ చివరి ప్రశ్నలో ఉంది. నీట్ ఫలితాలు వచ్చాక ఏటా ఇవే మాటలు వింటున్నాను. బంధువులకు ఏం చెప్పాలన్నది అమ్మాయి మోయాల్సిన బరువు కాదు. దాన్ని ఆమె నెత్తిన పెట్టకండి.

ముందు ఆమె ఏం అడుగుతోందో వినండి. మన గంజాం వైపు బోదకాలు (ఫైలేరియా) కొత్త కాదు. ఆ పురుగు పిల్లలు రాత్రిళ్లు రక్తంలో తిరుగుతాయి కాబట్టే ఆరోగ్య కార్యకర్తలు రాత్రిపూట వచ్చి రక్తం తీస్తారు. అవి దొరికిన చాలామందికి పైకి జ్వరం ఉండదు, వాపు ఉండదు. పెద్ద పురుగు ఒంట్లో ఆరేడేళ్లు బతుకుతుంది. ముల్లు గుచ్చుకుంటేనే చీము పట్టే ఒళ్లు దాన్ని అన్నేళ్లు చూస్తూ ఎలా ఊరుకుంటోంది? మంచి ప్రశ్న కదా!

పురుగులు విడిచే కొన్ని అణువులే ఆ పని చేస్తాయి. ఎలుకల పేగుల్లో ఉండే ఒక పురుగునే తీసుకోండి. "ఇక శాంతించు" అని ఒళ్లు తన రక్షణ కణాలకు పంపే టీజీఎఫ్-బీటా సంకేతాన్ని దాని ప్రోటీన్ ఒకటి అనుకరిస్తుంది. ఇంకొకటి ప్రమాదం వచ్చిందని చాటే ఐఎల్-33ను పట్టి కట్టేస్తుంది. ఫైలేరియా జాతి పురుగు ఒకటి విడిచే ఈఎస్-62 అనే ప్రోటీన్ ఎలుకల్లో రక్షణ కణాలు అతిగా రెచ్చిపోయి వచ్చే కీళ్ల వాపు తగ్గించింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పందుల్లో ఉండే కొరడా పురుగు గుడ్లు తాగించి అలాంటి పేగు జబ్బులు తగ్గించాలని చూశారు. 2005లో చిన్న పరీక్షలు ఆశ పెట్టాయి, 2013లో పెద్ద పరీక్షలో మేలు కనబడలేదు. ఇప్పుడు చాలామంది బతికున్న పురుగును వదిలి దాని అణువుల వెంట పడ్డారు. వాటితో చేసిన మందు ఇంకా మార్కెట్లోకి రాలేదు. చదువు, పీహెచ్‌డీ కలిపి పదేళ్ల పైమాటే. ఓపిక ఉన్న పిల్లకే ఈ దారి.

మరి బీటెక్ బయోటెక్నాలజీ? పేరు చూసి మురిసిపోకండి. నాలుగేళ్లు లక్షలు కట్టి వచ్చిన పిల్లలు నా ముందు కూర్చుని, డీఎన్ఏ కాపీలు తీసే పీసీఆర్ మిషన్‌ను దూరం నుంచే చూశామన్నారు. చివరికి వాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరారు. మంచి ల్యాబ్ ఉన్న కాలేజీలూ ఉన్నాయి, కాదనను. మీరు అనుకుంటున్న కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూశారా? బ్రోచర్ చూసి సీటు మాట్లాడేశారా? అలాగైతే తప్పు మీదే.

ఐసర్ మన బరంపురంలోనే ఉంది. అక్కడ రాకపోతే తిరుపతిలో రావచ్చు. రెండూ రాకపోయినా మంచి కాలేజీలో బీఎస్సీ జువాలజీ, ఆపైన ఎమ్మెస్సీ చేసి ఇటువైపు రావచ్చు. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, ఐసీఎంఆర్ కేంద్రం రెండింట్లోనూ ఫైలేరియా మీద పరిశోధన జరిగింది. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైగా హెచ్ఆర్ఏ. ఆకలితో చదవాల్సిన పని లేదు. మధ్యలో మనసు మారినా డయాగ్నస్టిక్స్, వ్యాక్సిన్ కంపెనీలు, టీచింగ్ ఉన్నాయి. పిల్ల రోడ్డున పడదండి.

ఐఏటీ కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ బీటెక్ సీటుకు అడ్వాన్స్ కట్టకండి.