నడివేసవిలో పూసే మొక్కలు ఎంచుకోవడం గురించి

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

కొత్తింట్లో పడమటి గోడ పక్కన మూడడుగుల జాగా ఉందనీ, మేడ మీద పిట్టగోడ పొడుగునా కుండీలు పెట్టాలనుకుంటున్నావనీ, ఎండాకాలంలో ఇల్లు రంగురంగుల పూలతో కనిపించాలనీ రాశావు. చదివి చాలా సంతోషించాను. సంక్రాంతి వెళ్ళగానే అడగడం ఇంకా మంచిదైంది. ఎండలు ముదిరాక నాటిన మొక్క వేరు పట్టడానికే నానా అవస్థ పడుతుంది. ఇప్పుడు నాటితే ఏప్రిల్ నాటికి నిలదొక్కుకుంటుంది.

నర్సరీకి వెళ్ళేముందు ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి, పొద్దున తొమ్మిదికీ, ఒంటిగంటకీ, నాలుగింటికీ ఎండ ఎక్కడెక్కడ పడుతోందో చూసి రాసుకో. ఇప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మే నెలలో మీ హైదరాబాదులో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కాబట్టి ఇవాళ నీడగా ఉన్న ఉత్తరం వైపు కూడా అప్పుడు ఎండ తగులుతుంది. పడమటి గోడ సంగతి చెప్పనక్కర్లేదు, సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఏ మొక్కైనా ఆ చోటి మధ్యాహ్నపు ఎండను తట్టుకుంటుందా అన్నదే మొదట చూడు. రంగు సంగతి ఆ తర్వాతే.

ఎందుకంటే ఈ రోజుల్లో నర్సరీలో కళ్ళు చెదిరేలా కనబడేవి పిటునియాలు, డయాంథస్‌లు, పాన్సీలు. మా దగ్గర కడియం, కడియపులంక నర్సరీల్లోనూ జనవరిలో చూడబుద్ధేసేవి అవే. అన్నీ చలికాలపు పూలు. ఎండలు ముదిరేసరికి వడలిపోతాయి. వాటి మీద డబ్బు పెట్టకు. చామంతి కూడా చలికాలానిదే. బంతిని దసరాకి అందేలా వానాకాలంలో వేసుకో. మండుటెండల్లో పువ్వు చిన్నదైపోయి, ఆకులకి ఎర్రనల్లి పడుతుంది.

పడమటి గోడకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది కాగితంపూల చెట్టు. దానికి ఎండ బాగా కావాలి, నీళ్ళు తక్కువ కావాలి. మనం పూలనుకునే ఆ రంగు రేకులు నిజానికి ఆకుల్లాంటివే. అసలు పువ్వు వాటి మధ్యలో సన్నగా, తెల్లగా ఉంటుంది. అందుకే రంగు వారాల తరబడి నిలుస్తుంది. చాలామంది ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి, పేడ ఎరువు దండిగా వేసి, "ఆకులే తప్ప పూలు రావడం లేదు" అని బాధపడతారు. పైమట్టి బాగా ఎండి, లేతకొమ్మలు కాస్త వాలినట్టు అనిపించాకే నీళ్ళు పొయ్యి. ఆ దాహానికే మొగ్గ తొడుగుతుంది. ఒక విడత పూత రాలిపోగానే కొమ్మల చివర్లు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళ మీద మళ్ళీ పూస్తుంది. మెజెంటా రంగుది అన్నిటికంటే మొండిది, మొదటిసారి పెంచేవాళ్ళకి అదే మంచిది. ముళ్ళుంటాయి కాబట్టి గేటుకి దూరంగా నాటు, పిల్లాడు అటే పరిగెత్తుతాడు.

పిల్లాడంటే గుర్తొచ్చింది. గన్నేరు ఎండకి గొప్పగా తట్టుకుంటుంది, గులాబీ రంగులో నిండుగా పూస్తుంది. అయినా మీ ఇంట్లో ఇప్పుడప్పుడే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. వాడికి ఏది నోట్లో పెట్టుకోకూడదో తెలిసే వయసు వచ్చాక చూద్దాం. బిళ్ళగన్నేరు కూడా తినకూడనిదే, కుండీలు పిట్టగోడ మీద వాడికి అందనంత ఎత్తులో ఉంచు. పెట్టిన కుండీ జారకుండా తీగతో కట్టించు.

ఆ బిళ్ళగన్నేరే మేడకి ప్రాణం. తెలుపు, గులాబీ, ఎరుపు, ఊదా రంగుల్లో దొరుకుతుంది, వాడిన పువ్వు తనంతట తనే రాలిపోతుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం మొదలు కుళ్ళి ఒక్కరోజులో వాలిపోతుంది. కాబట్టి కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకుముక్క పెట్టి, రెండుపాళ్ళు ఎర్రమట్టి, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపు. దాని పక్కనే వెడల్పాటి తొట్లలో నాచుపూలు వెయ్యి. కొనక్కర్లేదు, ఎవరింట్లోనైనా నాలుగు కొమ్మలు అడిగి తెచ్చి గుచ్చితే చాలు. పొద్దున ఎండకి విచ్చుకుని, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. నువ్వు ఆఫీసు నుంచి చీకటిపడ్డాక వస్తావు కాబట్టి ఆదివారాలే నీకు కనబడతాయి. అందుకని చంద్రకాంత విత్తనాలు కూడా కొన్ని నాటు. సాయంత్రం విచ్చుకుని పొద్దుటిదాకా ఉంటాయి. విత్తనాలు విషం, నల్లగా మిరియాల్లా ఉంటాయి కాబట్టి రాలకముందే ఏరెయ్యి.

జీనియా గింజలు ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. నారు పోసి పీకి నాటడం దానికి పడదు, పూసేచోటే చల్లు. వారంలోపే మొలుస్తాయి, సుమారు రెండు నెలలకి పూతకి వస్తాయి. ఫిబ్రవరి మొదట్లో చల్లితే ఏప్రిల్ నిండా నీదే. సీతమ్మవారి జడ, బొగడబంతి కూడా ఎండకి వెరవవు. బొగడబంతి పువ్వు ఎండినా రంగు పోదు. నా మాట వింటే పది రకాలు ఒక్కొక్కటి కొనకు. మూడు నాలుగు రకాలు ఎంచుకుని ఒక్కోటి గుంపుగా పెట్టు, మధ్యలో తెల్లవి కలుపు. మిట్టమధ్యాహ్నం ఎర్రటి పూలన్నీ ఒక్కచోట ఉంటే కంటికి వేడిగా ఉంటుంది.

మందారం, నూరువరహాలు తూర్పు వైపు పెట్టు, పొద్దుటి ఎండ వాటికి చాలు. మందారానికి నీళ్ళు ఒకరోజు పోసి రెండు రోజులు మానేస్తే మొగ్గలు రాలిపోతాయి. చిగుళ్ళలో తెల్లగా పిండినల్లి కనబడితే ముందు నీళ్ళు జోరుగా కొట్టి కడిగెయ్యి, తర్వాత లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లు. నూరువరహాల ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతాదంతా పసుపుగా మారితే అది చాలావరకు బోరునీళ్ళలోని సున్నం వల్ల. వాన పడినప్పుడు పట్టి ఉంచుకున్న నీళ్ళు దానికి మంచివి.

రంగు అడిగావు గానీ మల్లె లేకుండా మన ఇంటికి వేసవి ఎలా వస్తుంది? ఒక్క గుండుమల్లె మొక్కైనా పెట్టు. కనీసం ఐదారు గంటల ఎండ తగలాలి, నీడలో తీగ సాగుతుందే తప్ప మొగ్గ రాదు. నేను పంపే మొక్కని పన్నెండంగుళాల కుండీలో నాటి, ఈ ఏడాది వచ్చినన్ని పూలు కోసుకో. వచ్చే డిసెంబరులో నీళ్ళు బాగా తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు సగానికి కత్తిరించు. చూడ్డానికి మోడులా ఉంటుంది, కంగారుపడకు. జనవరి చివర ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే వచ్చే కొత్త చిగుళ్ళ నిండా మొగ్గలే.

నీళ్ళ సంగతి. పొద్దున ఏడింటిలోపు మొదలు తడిసేలా పొయ్యి. పగటిపూట పొయ్యాల్సి వస్తే, ఎండలో ట్యాంకు నీళ్ళు మరిగిపోయి ఉంటాయి, పైపులో ముందు వచ్చే వేడినీళ్ళు బకెట్‌లో పట్టి చల్లారాక వాడు. మట్టి మీద ఎండుటాకులో వేరుశనగ పొట్టో రెండంగుళాల మందాన పరిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది, ట్యాంకర్ ఖర్చు కూడా తగ్గుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలు మేడమీద వద్దు, వేళ్ళు ఉడికిపోతాయి. మట్టికుండీలు కొను, వాటిని నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీద పెట్టించు.

ఎండ పడే చోట్లు రాసుకున్నాక ఆ కాగితం ఫొటో నాకు వాట్సాప్‌లో పంపు. మార్చి మొదట్లో మీ పెదనాన్న పని మీద అటే వస్తున్నారు, కాగితంపూల మొక్క, మల్లె మొక్క ఆయన చేత పంపిస్తాను. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ