హీల్స్ కొనడానికి వెళ్తే లాస్ట్ (చెప్పు అచ్చు) సంచిలో పెట్టుకోండి

చేతిపని: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి చెప్పుల మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను ఇంట్లోనే ఆడవాళ్ళ చెప్పులు కుట్టి అమ్ముతున్నాను. ఫ్లాట్ చెప్పులతో ఏ ఇబ్బందీ లేదు. మా చుట్టాలమ్మాయి రిసెప్షన్‌కి 3 అంగుళాల హీల్‌తో కావాలంది. పాత చెప్పుల హీల్స్ ఊడదీసి, సొల్యూషన్‌తో గట్టిగా అంటించాను. తొడుక్కుని నిలబడితే మడమ పక్కకి ఊగుతోంది. విడిగా హీల్స్ ఎక్కడ దొరుకుతాయి? చెక్కతో చేసుకోవచ్చా? రిసెప్షన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గ్రీంస్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ చెప్పులు ఆ పిల్లకి ఇవ్వకండి. ఎందుకో చెప్తాను.

నేను పని నేర్చుకున్న కొత్తల్లో ఒక పెళ్ళికూతురికి రిసెప్షన్ చెప్పులు చేశాను. మీలాగే సొల్యూషన్ మీద నమ్మకంతో హీల్ అంటించి ఊరుకున్నాను. మర్నాడు వాళ్ళమ్మగారు ఊడిపోయిన హీల్‌ని తాంబూలం కవర్లో పెట్టుకుని షాపుకొచ్చారు. తిట్టలేదు. కవరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి స్క్రూ వేయని హీల్ నా చేతి మీదుగా బయటికి పోలేదు.

హీల్‌ని లోపలి నుంచి బిగించాలి. కాలి కింద మెత్తటి అట్ట అంటించక ముందే, ఇన్‌సోల్ మీద నుంచి మధ్యలో ఒక స్క్రూ, చుట్టూ నాలుగైదు గాట్ల మేకులు దిగాలి. 60 కిలోల మనిషి అడుగు వేసేటప్పుడు ఆ బరువంతా ఒక్క క్షణం ఒకే మడమ మీద పడుతుంది. సన్న హీల్ అయితే ఆ మడమ కింద ఉండేది వేలి గోరంత చోటు. దాన్ని సొల్యూషన్ ఒక్కటే ఎంతసేపు ఆపుతుంది?

అయితే మీ చెప్పు ఊగడానికి అసలు కారణం ఇది కాదనుకుంటున్నాను. చెప్పు నడుముని, అంటే మడమకీ ముందు పాదానికీ మధ్య భాగాన్ని, బొటనవేలితో నొక్కి చూడండి. వంగుతోందా? అయితే లోపల షాంక్ లేదన్నమాట. షాంక్ అంటే ఇన్‌సోల్‌కీ కింది సోల్‌కీ మధ్య పెట్టే ఉక్కు పట్టీ. ఫ్లాట్ చెప్పుకి అది లేకపోయినా గడిచిపోతుంది. హీల్ చెప్పుకి అదే వెన్నెముక. అది లేకపోతే అడుగు పడ్డప్పుడల్లా నడుము కిందికి దిగి, హీల్ వెనక్కీ పక్కకీ పోతుంది.

ఇక లాస్ట్, అంటే చెప్పు కుట్టేటప్పుడు లోపల పెట్టే పాదం ఆకారపు అచ్చు సంగతి. మీరు ఫ్లాట్ చెప్పులకి వాడే లాస్ట్ మీదే ఈ జత కూడా కుట్టారని నా అనుమానం. ఏ లాస్ట్‌నైనా ఒక ఎత్తుకే చేస్తారు. పావు అంగుళం అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు, అంతకు మించి కుదరదు. తక్కువ ఎత్తు లాస్ట్ మీద కుట్టి ఎత్తు హీల్ తగిలిస్తే వేళ్ళ కొస నేలకి పొడుచుకుంటుంది. ఎత్తు లాస్ట్‌కి పొట్టి హీల్ పెడితే ముందు భాగం గాల్లోకి లేస్తుంది. పైగా హీల్ పైన గిన్నెలా ఒక పల్లం ఉంటుంది, మడమ కింది గుండ్రం అందులో అతుక్కుని కూర్చోవాలి. వేరే చెప్పు నుంచి ఊడదీసిన హీల్ పల్లం మీ చెప్పుకి కుదరడం లాటరీ తగిలినట్టే.

కాబట్టి హీల్స్ కోసం చెన్నై రైలెక్కినప్పుడు, ఆ ఎత్తుకి చేసిన లాస్ట్ ఉంటే సంచిలో వేసుకోండి. సెంట్రల్ స్టేషన్ పక్కనే పెరియమేట్. అక్కడి సైడెన్‌హామ్స్ రోడ్డు చుట్టుపక్కల తోలు, సోళ్ళు, హీల్స్, మేకులు అమ్మే దుకాణాలున్నాయి. ఒక్క జత అడిగితే కొందరు మొహం చిట్లిస్తారు, పట్టించుకోకుండా పక్క షాపుకి వెళ్ళండి. కౌంటర్ మీద హీల్‌ని నిలబెట్టి, దాని పల్లంలో లాస్ట్‌ని కూర్చోబెట్టి, కళ్ళు బల్ల ఎత్తుకి దించి చూడండి. హీల్ అడుగున వెలుతురు కనిపించకూడదు. పాదం ముందు గుబ్బ బల్లకి ఆనాలి, వేళ్ళ కొస కొంచెమే లేచి ఉండాలి. షాపతను ఎన్ని మాటలైనా చెప్తాడు, మీరు ఆ వెలుతురునే నమ్మండి. రెండు హీల్స్‌కీ ఇలాగే చూడండి. షాంకులు కూడా అక్కడే కొనేయండి. ఆంబూరు, వాణియంబాడి మీకు దగ్గరే, కాట్పాడిలో రైలు మారితే చాలు. కానీ అవి పెద్ద ఫ్యాక్టరీల ఊళ్ళు, ఒక జత కోసం తిరగడానికి పెరియమేటే సుఖం.

సొంతంగా చేసుకోవడం మాటకొస్తే, ఒకటిన్నర అంగుళాల ఎత్తున్న వెడల్పాటి హీల్ తోలుతోనే చేయొచ్చు. 5 మిల్లీమీటర్ల సోల్ తోలు అయితే ఏడెనిమిది పొరలు పడతాయి. మడమ కింద గుండ్రంగా ఉంటుంది కాబట్టి మొదట గుర్రపు నాడా ఆకారంలో ఒక పట్టీ అంటించి మట్టం చేసుకోవాలి. కొత్తవాళ్ళు ఇది వదిలేసి పొర మీద పొర వేసుకుంటూ పోతారు. ప్రతి పొరనీ రెండు వైపులా గరుకు చేసి, సొల్యూషన్ రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, సుత్తితో కొట్టాలి. చివర రబ్బరు ముక్క.

చెక్కతో మీరడిగిన 3 అంగుళాలు కూడా చేయొచ్చు, హీల్ లావుగా ఉంటేనే. చెక్క నార నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పుల్ల విరిగినట్టు విరుగుతుంది. నిలువు నారలో మేకు పట్టు తక్కువ, అందుకని పొడుగు స్క్రూ వాడండి, ముందు సన్న బెజ్జం వేసి మరీ. పెన్సిల్ లాంటి సన్న హీల్ మాత్రం చెక్కతో వద్దు. బజార్లో దొరికే ఆ సన్న ప్లాస్టిక్ హీల్స్‌కి లోపల ఉక్కు గొట్టం ఉంటుంది, మనం ఇంట్లో చేసే పని కాదు.

ఈ రిసెప్షన్‌కి మాత్రం ఆ అమ్మాయిని 2 అంగుళాలకి ఒప్పించండి. ఆ ఎత్తు లాస్ట్, షాంక్, హీల్ మూడూ ఒకేసారి తెచ్చుకుని మళ్ళీ కుట్టండి.

ప్రశ్న: ఎర్రచందనం ముక్కలతో హీల్స్ చేస్తే అందంగా ఉంటాయి కదా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ఉంటాయి నాయనా. చెప్పు కంటే ముందు మీరు పోలీస్ స్టేషన్‌కి నడుస్తారు. కాగితాల్లేని ఎర్రచందనం ముక్క ఇంట్లో ఉంచుకోవద్దు, చిన్నదైనా సరే. రంగే కావాలంటే మామూలు చెక్కకి వేసుకోండి. మీకు మాధవమాల దగ్గరే, అక్కడ దేవుడి బొమ్మలు చెక్కేవాళ్ళని అడిగితే ఏ కర్ర బాగా ఆరిందో చెప్తారు. పచ్చి కర్ర వద్దు, ఎండేకొద్దీ పగులుతుంది. నేనైతే పాత మంచం కోళ్ళు వాడతాను, తరాల తరబడి ఆరినవి. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. ఇటు వస్తే ఒకటి పట్టుకెళ్ళండి, రెండోది నాక్కావాలి.