సైరన్ మోగితే మా బస్తీ ఎటు పోవాలి?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది ఒడిశాలో రాయగడ దగ్గర ఫ్యాక్టరీ పక్క బస్తీ, తెలుగు వాళ్లమే ఎక్కువ, ఒడియా, ఇక్కడి ఆదివాసీల భాష కువి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీలో క్లోరిన్ అనే విషవాయువు వాడతారు. మొన్న మాక్ డ్రిల్ అని సైరన్ కొడితే అందరూ మెయిన్ రోడ్డుకి పరిగెత్తారు, మైకులో అంతా ఒడియాలోనే చెప్పారు, మా మామ్మకి ఏమీ అర్థంకాక గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మేం పదిహేను మంది కుర్రాళ్లం వాలంటీర్లుగా చేద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, మీ మామ్మ దగ్గర్నుంచే మొదలుపెట్టండి. మంచం దిగలేనివాళ్లు ఎవరు, చంటిపిల్లల తల్లులెవరు, నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లెవరు, ఎవరికి ఏ భాష వచ్చు, ఇల్లిల్లూ తిరిగి రాసుకోండి, ఒక్కొక్కరికి కొన్ని ఇళ్లు పంచుకోండి, వాళ్లు ఊళ్లో లేనిరోజు ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోండి.

అందరూ ఒకే రోడ్డుకి పరిగెత్తడం మాత్రం నాకు భయం వేసింది. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లాల్లో, కాలవల్లో పేరుకుంటుంది, గాలి ఎటు వీస్తే అటే వస్తుంది. జెండానో పొగనో చూసి గాలికి అడ్డంగా పక్కకి తప్పుకుని మెట్టకి పోవాలి, అందుకే కనీసం రెండు దారులు పెట్టుకోండి. ఒక్కోసారి బయటికి రాకుండా తలుపులు కిటికీలు మూసి, కూలర్ ఆపి, సందుల్లో తడిగుడ్డలు కుక్కడమే మేలు, ఏది చెయ్యాలో అధికారులు చెప్పాలి. చేతిరుమాలు కట్టుకుని గ్యాస్‌లోకి మాత్రం మీరెవరూ వెళ్లొద్దు, అది ఫైర్ వాళ్ల పని.

విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే కెమికల్ ఆవిరి లీకైంది తెల్లారగట్ల, జనం నిద్రలో ఉన్నారు, 12 మంది పోయారు, సైరన్ మోగలేదని విచారణ కమిటీయే చెప్పింది. కాబట్టి సైరన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, తలుపు కొట్టి లేపే మనిషి ఉండాలి.

ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన రూల్స్ ప్రకారం, ప్రమాదం జరిగితే ఫ్యాక్టరీ బయటి జనాన్ని కాపాడే ప్లాన్‌కి ఏటా ఒక్కసారైనా రిహార్సల్ చెయ్యాలి, రసాయన ప్రమాదాల మీద 1996లో వచ్చిన రూల్స్‌తో కలెక్టర్ అధ్యక్షతన జిల్లా క్రైసిస్ గ్రూపు ఉంటుంది. ఆ గ్రూపుకి కాగితం పెట్టి మైకులో తెలుగు, కువి కూడా చెప్పమనండి, ఏ కెమికల్ ఎంత ఉందో అడగండి, చట్టం ప్రకారం ఫ్యాక్టరీ వాళ్లు చుట్టుపక్కల జనానికి ప్రమాదాల సంగతి చెప్పి తీరాలి. ఆపద మిత్ర, అంటే విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకి ప్రభుత్వం ఇచ్చే ట్రైనింగ్ గురించి కూడా అక్కడే కనుక్కోండి, అది పన్నెండు రోజులది.

ఈలోగా ఒక రాత్రి మీరే ప్రాక్టీస్ చెయ్యండి, మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుని మెట్ట దాకా వెళ్లి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పంపండి.