వాండరర్స్‌కు వెళ్లండి, ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: నా వయసు 36. ప్రైవేటు ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.85 వేలు. ఇంటి లోను ఈఎంఐతో కలిపి నెల ఖర్చు రూ.62 వేలు, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేవి) రూ.8 వేలు. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప, మా అమ్మ. 2027 అక్టోబరు, నవంబరుల్లో దక్షిణాఫ్రికాలో జరిగే వన్డే ప్రపంచ కప్‌కు నలుగురు స్నేహితులం వెళ్దామనుకుంటున్నాం. ఇంకా 16 నెలలుంది. జొహానెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని డర్బన్, కేప్‌టౌన్ మీదుగా 25 రోజులు తిరగాలని ఆలోచన. మనిషికి రూ.4 లక్షలు అవుతుందని లెక్క. నాకు రూ.3.5 లక్షల ఎఫ్‌డీ ఊరికే పడి ఉంది. అందులోంచి 2 లక్షలు తీసి, మిగతా 2 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటా. కారు డిపాజిట్‌కు నా క్రెడిట్ కార్డే ఇస్తా. బీపీకి మందులు వాడుతున్నా గానీ ఆఫీసు హెల్త్ పాలసీ ఉంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ అక్కర్లేదనుకుంటున్నా. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను ఆగిపోయిన మాట ఒకటుంది. ఎఫ్‌డీ ‘ఊరికే పడి ఉంది’ అన్నారు. ఈ మాట వారానికి ఇద్దరు ముగ్గురి నోట వింటున్నాను, అందుకే ఇన్ని ఉత్తరాల్లో మీదాన్ని తీసుకున్నాను. నెలకు 62 వేలు ఖర్చయ్యే ఇంటికి మూడున్నర లక్షలంటే ఐదున్నర నెలల బియ్యం, పాప స్కూలు ఫీజు, మీ అమ్మగారి మందులు, బ్యాంకు ఈఎంఐ. మీ ఉద్యోగం పోయిన రోజున ఇంటికి అండగా నిలబడేది ఆ ఒక్క కాగితమే.

వెళ్లొద్దని మాత్రం నేను చెప్పను. 2003 మార్చి 23న, ప్రపంచ కప్ ఫైనల్లో, జొహానెస్‌బర్గ్‌లోని వాండరర్స్ మైదానంలో ఆస్ట్రేలియా కెప్టెన్ పాంటింగ్ మన మీద 140 కొడుతుంటే టీవీ ముందు నోట మాట రాక కూర్చున్నవాణ్ణి. 2007 టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో అదే మైదానంలో శ్రీశాంత్ చేతుల్లో ఆ చివరి క్యాచ్ పడి మనం గెలిచినప్పుడు ఇల్లంతా గంతులేసినవాణ్ణి. ఆ స్టాండ్లలో ఒకసారి కూర్చోవాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. డబ్బు తెచ్చుకునే దారి మాత్రం మార్చుకోవాలి.

మీ ప్లాన్ ప్రకారమే వెళ్తే ఏమవుతుందో చూడండి. ఎఫ్‌డీలో లక్షన్నర మిగులుతుంది. లోను ఈఎంఐ నెలకు సుమారు రూ.6,836. ఇంటి ఖర్చు దాదాపు రూ.69 వేలకు చేరుతుంది. అంటే మీ చేతిలో మిగిలేది రెండు నెలల పైచిలుకు ఊపిరి. మూడేళ్లలో వడ్డీ కిందే దాదాపు రూ.46 వేలు కడతారు. ప్రయాణం 25 రోజులు, వాయిదాలు 36 నెలలు. అంతకుముందే ఇంటి లోను నెత్తిమీద ఉండగా, చూసి రావడానికి అప్పు చేయడమేమిటండీ? కారో, ఇల్లో, చదువో అయితే కూర్చుని మాట్లాడదాం. విహారయాత్రకు పర్సనల్ లోన్ అంటే నా దగ్గర చర్చే లేదు. గోల్డ్ లోన్, కార్డు ఈఎంఐ, సిప్ యూనిట్లు అమ్మడం, వీటికీ అదే జవాబు.

నా దగ్గరికి వచ్చే ఒకాయన 2020 మార్చి 8న మెల్‌బోర్న్‌లో మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్ చూశారు. ఆ రోజు స్టేడియంలో ఉన్న 86,174 మందిలో నేనూ ఒకణ్ణి అంటూ సంబరంగా ఫొటోలు పంపారు. ఆ ప్రయాణం కోసం ఎఫ్‌డీ మొత్తం తీసేసి, పైన లోను కూడా చేశారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ నెల 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ జీతం సగమే పడింది. ఆర్‌బీఐ ఈఎంఐలకు మారటోరియం, అంటే కొన్ని నెలలు కట్టకుండా ఆగే వెసులుబాటు, ఇచ్చింది, కానీ ఆ నెలలకు వడ్డీ లెక్క ఆగలేదు. జూన్‌లో ఆయన నా ఆఫీసుకు వచ్చి, జేబులోంచి తెల్ల రుమాలు మూట తీసి బల్ల మీద విప్పారు. అందులో వాళ్లావిడ గాజులు నాలుగు. “వీటి మీద ఎంత ఇస్తారు సార్?” అని అడిగారు. మంచి ఉద్యోగం, మంచి జీతం ఉన్న మనిషి. ఆయనకు లేనిదల్లా ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండటం.

మీకు 16 నెలల టైముంది. జీతంలో ఖర్చులు, సిప్‌లు పోగా నెలకు 15 వేలు మిగులుతోంది. వచ్చే జీతం నుంచే 15 వేలకు ఏడాది ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. అది చేతికొచ్చాక మిగతా నాలుగు నెలలు అదే మొత్తాన్ని విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. మొత్తం రెండున్నర లక్షలకు దగ్గరగా వస్తుంది. బోనస్ వస్తే ముందు ఎఫ్‌డీని ఆరు నెలల ఖర్చుకు, అంటే 3.72 లక్షలకు పెంచండి. అది నిండాకే మిగిలింది ప్రయాణానికి. ఈ మాటలో నేను తగ్గను.

రెండున్నర లక్షల్లో 25 రోజులు కుదరదు. దారి తగ్గించుకోండి. మీరు అనుకున్న చుట్టు చాలా పెద్దది. జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ సుమారు 570 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఈస్ట్ లండన్, మనకు పోర్ట్ ఎలిజబెత్‌గా తెలిసిన ఊరు, సముద్ర తీరం వెంట సాగే గార్డెన్ రూట్ మీదుగా కేప్‌టౌన్, మళ్లీ ఎన్1 రోడ్డు మీద కరూ ఎడారి దాటి వెనక్కి రావడమంటే మొత్తం 3,700 కిలోమీటర్ల దాకా అవుతుంది. చివరి ముక్కే 1,400. దాని బదులు జొహానెస్‌బర్గ్, సెంచూరియన్, డర్బన్ పెట్టుకోండి. 2003లో పాకిస్థాన్ మీద సచిన్ 98 కొట్టిన మైదానం, 2007లో యువరాజ్ ఆరు సిక్సర్లు బాదిన మైదానం రెండూ ఈ దారిలోనే ఉన్నాయి. పన్నెండు రోజులు చాలు. మీ సెలవులూ సరిపోతాయి, జీతం కోతా ఉండదు.

ఇక ఇన్సూరెన్స్. ఆఫీసు పాలసీ కాగితం తీసి చూడండి. సాధారణంగా ఇలాంటి పాలసీలు భారతదేశంలో చేయించుకున్న చికిత్సకే వర్తిస్తాయి. ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి అత్యవసర వైద్యం నిరాకరించకూడదని దక్షిణాఫ్రికా రాజ్యాంగంలోనే ఉంది. కానీ ఆ గండం గట్టెక్కాక ప్రైవేటు ఆసుపత్రిలో బెడ్ కావాలంటే డిపాజిట్టో, ఇన్సూరెన్స్ కంపెనీ హామీయో అడుగుతారు. అప్పుడు మీ ఇంట్లోవాళ్లు తీసేది ఏ డబ్బు? మళ్లీ ఆ ఎఫ్‌డీయే. కాబట్టి కనీసం లక్ష డాలర్ల మెడికల్ కవర్‌తో ట్రావెల్ పాలసీ తీసుకోండి. ఫారంలో బీపీ సంగతి దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ రోజున మొదట బయటపడేది అదే. స్నేహితుల్లో ఎవరైనా గార్డెన్ రూట్‌కు వెళ్లి బ్లూక్రాన్స్ వంతెన మీంచి బంగీ జంప్ చేస్తామంటే, సాహస క్రీడలకు కవర్ ఉందో లేదో ముందే అడగమనండి. పనిలో పనిగా, ఇంటి లోను ఉన్న మీరు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) ఊసే ఎత్తలేదు. లేకపోతే ప్రయాణం కంటే ముందు అది తీసుకోండి.

కారు విషయంలో మీరు ఒక్కరే భారం మోయబోతున్నారు. ఒప్పందం మీ పేరు మీద, కార్డు మీది. స్పీడ్ జరిమానాలు, టోల్ బకాయిలు, గీతలు, సొట్టలు అన్నీ మీరు ఇంటికొచ్చిన కొన్ని వారాలకు కూడా ఆ కార్డు మీదే పడతాయి. మామూలు కవర్‌లో టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం చాలాసార్లు ఉండవు. ఒప్పందంలో పేరు లేని స్నేహితుడు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఏమైనా జరిగితే కవర్ మొత్తం పోతుంది. స్టీరింగ్ పట్టే ప్రతి ఒక్కరి పేరూ ఎక్కించండి, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, టైర్లు, అద్దాల కవర్‌కు అదనంగా కట్టండి. రాత్రిపూట హైవే ఎక్కొద్దు. బయల్దేరక ముందే నలుగురూ తలా 25 వేలు ఒక ఖాతాలో వేసి, కారు ఖర్చులన్నీ అందులోంచి కట్టండి. తిరిగొచ్చాక వసూలు చేసుకుంటానంటే స్నేహం, డబ్బు రెండూ ఇరుకున పడతాయి. ఈ కప్‌లో కొన్ని మ్యాచ్‌లు పక్క దేశాలైన జింబాబ్వే, నమీబియాల్లోనూ ఉన్నాయి; వాటికి అదే కారులో వెళ్లాలంటే అద్దె కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఈసారికి వదిలేయండి.

చివరగా, భారత్ సెమీస్‌కు వెళ్తుందన్న ధీమాతో రద్దు చేసుకోలేని గదులు, విమాన టికెట్లు కొనకండి. 2007 వన్డే ప్రపంచ కప్‌లో మనవాళ్లు బంగ్లాదేశ్, శ్రీలంక చేతుల్లో ఓడి గ్రూపు దశలోనే ఇంటికొచ్చారు. లీగ్ మ్యాచ్‌ల వరకే డబ్బు పెట్టండి. వచ్చే జూన్‌లో ఆర్‌డీ చేతికొచ్చాకే వీసాకు, విమానానికి కట్టండి. అందులో ఎంతుంటే అంతవరకే.