వంద కాదు, ఇరవై

ప్రశ్న: “వందమంది దోషులు తప్పించుకున్నా ఫర్వాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు” అని సినిమాల్లో కోర్టు సీన్ వస్తే చాలు వినిపిస్తుంది. ఇలాంటి మాట ఇంగ్లండ్‌లో ఐదొందల ఏళ్ల కిందటే ఫోర్టెస్క్యూ అనే ఆయన రాశాడని లా చదివే మా అమ్మాయి అంటోంది. నిజమేనా? ఎవరండీ ఆయన?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ, కాకపోతే ఆయన లెక్క వంద కాదు, ఇరవై. ఇరవై మంది దోషులు మరణశిక్ష తప్పించుకున్నా సరే, ఒక్క నిర్దోషి అన్యాయంగా చావకూడదన్నాడు. సర్ జాన్ ఫోర్టెస్క్యూ 1442లో ఇంగ్లండ్ పెద్ద కోర్టుల్లో ఒకటైన కింగ్స్ బెంచ్‌కి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. సింహాసనం కోసం రెండు రాజవంశాలు కొట్టుకుంటుంటే అప్పటి రాజు ఆరో హెన్రీ పక్షాన నిలబడ్డాడు, ఆ పక్షం 1461లో ఓడిపోయింది, దాంతో ముందు స్కాట్లండ్‌కి, తర్వాత ఫ్రాన్స్ వైపుకి వెళ్లిపోయి తలదాచుకోవాల్సి వచ్చింది. అక్కడ హెన్రీ కొడుకు ఎడ్వర్డ్‌కి యుద్ధవిద్యలు తప్ప వేరే ధ్యాస లేదు. రాజు కావాల్సినవాడికి చట్టం కూడా తెలియాలి కదా అని, ఆ కుర్రాడితో మాట్లాడుతున్నట్టుగా లాటిన్‌లో రాసిందే ‘ఇంగ్లండ్ చట్టాల ప్రశస్తి’.

అందులో నాకు బాగా నచ్చేది ఒక పోలిక. రాజ్యం ఒక శరీరమైతే రాజు తల, చట్టం నరాలు. తల తన నరాలను మార్చేసుకోలేదు, అలాగే జనం ఒప్పుకోకుండా రాజు చట్టం మార్చకూడదు, పన్ను వేయకూడదు. ఫ్రాన్స్‌లో ఉప్పు కూడా రాజు పెట్టిన ధరకే కొనాలి, నేరం ఒప్పించడానికి చిత్రహింసలు పెడతారు, మా ఇంగ్లండ్‌లో అయితే నేరం జరిగిన చుట్టుపక్కల మనుషులే పన్నెండు మంది ప్రమాణం చేసి నిజం తేలుస్తారు అంటాడు. సొంత దేశం మీద పొగడ్త కొంచెం ఎక్కువే, అయినా రాజుకి కూడా హద్దుంటుందని కాబోయే రాజుకే చెప్పడం చిన్న విషయం కాదు. పాపం ఆ ఎడ్వర్డ్ 1471లో ట్యూక్స్‌బరీ యుద్ధంలో చనిపోయాడు, ఫోర్టెస్క్యూ అక్కడే పట్టుబడి తర్వాత క్షమాభిక్ష పొందాడు.

మీ అమ్మాయిని పుస్తకం చివరి భాగం తప్పకుండా చదవమనండి. కోర్టుల్లో ఇంత ఆలస్యమెందుకని యువరాజు అడిగితే, సాల్స్‌బరీలో తాను కళ్లారా చూసిన కేసు చెప్తాడు. భర్తని చంపిందని ఒక ఆవిడకి శిక్ష వేసి, అప్పటి చట్టం ప్రకారం మంటల్లో కాల్చి చంపేశారు. తర్వాత ఆ ఇంటి పనివాడు దొరికాడు, అదే జడ్జి ముందు యజమానిని చంపింది నేనొక్కణ్ణే, అమ్మగారికి ఏ పాపమూ తెలియదు అని ఒప్పుకున్నాడు. తీర్పుకి ఇంకొంచెం ఆగి ఉంటే ఆమె బతికేది. ఈ పని నా మనసులోంచి ఎప్పటికీ పోదని ఆ జడ్జి తనతో చాలాసార్లు చెప్పుకున్నాడని రాశాడు ఫోర్టెస్క్యూ.