ఇంట్లో చంటిపిల్లాడు, చేతిలో కెమెరా: వాయిదా పడగల పనులతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 31. బీకాం చదివాను. పాప ఒకటో తరగతి, బాబుకి రెండేళ్లు. మావారిది ప్రైవేటు ఉద్యోగం. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పిల్లల ఫొటోలు బాగా తీస్తానని చుట్టాలంతా అంటారు. లక్షన్నర దాచుకున్నాను, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. ఇల్లు, పిల్లలను చూసుకుంటూ ఫొటోగ్రఫీని వ్యాపారంగా చేయగలనా? పెళ్లిళ్లు తీస్తేనే డబ్బులు వస్తాయంటున్నారు, నిజమేనా?

జవాబు: చేయగలరు. అయితే ఏ కెమెరా కొనాలన్నదానికంటే ముందు ఏ పనులు ఒప్పుకోవాలన్నది తేల్చుకోండి. రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో తరచూ జ్వరమో, విరేచనాలో వస్తుంటాయి. ఆ రోజు మీ పని రేపటికో, ఎల్లుండికో వాయిదా పడగలగాలి. పెళ్లి ముహూర్తం వాయిదా పడదు. నెలల పాప ఫొటోలు గురువారం బదులు శనివారం తీసినా ఎవరికీ నష్టం లేదు. అందుకే బాబు బడికి వెళ్లేదాకా పెళ్లిళ్లు మీకు వద్దు. ఒక్కో పెళ్లి 14, 16 గంటల పని. అర్ధరాత్రి ముహూర్తాలుంటాయి. ఒక కెమెరా మొరాయిస్తే రెండోది ఉండాలి, పక్కన మరో ఇద్దరు ఉండాలి. డబ్బు ఎక్కువ వస్తుందన్నది నిజమే కానీ అందులో జట్టు ఖర్చు పోగా మిగిలేదెంతో మీకు చెప్పినవాళ్లు లెక్కేసి ఉండరు.

మీకు నప్పేవి ఇవి: సీమంతానికి ముందు కాబోయే అమ్మ ఫొటోలు, పురుడు దాటిన పసిబిడ్డ, మూడో నెల, ఆరో నెల, మొదటి పుట్టినరోజుకు ముందు తీసే ఫొటోలు. వీటిలో ఆడవాళ్లే తీయడం మేలనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. బాలింత గదిలోకి మగ ఫొటోగ్రాఫర్‌ను రానివ్వని అమ్మమ్మ మిమ్మల్ని రానిస్తుంది. కాబోయే అమ్మ ఫొటోలు ఏడు, ఎనిమిది నెలల మధ్య పెట్టుకోండి. తొమ్మిదో నెల వచ్చాక ఆయాసం, కాళ్ల వాపు మొదలవుతాయి. పైగా పురిటికి పుట్టింటికి వెళ్లిపోతే మీకు ఆ ఊరి ప్రయాణం కూడా మీద పడుతుంది.

పసిబిడ్డల ఫొటోల విషయంలో ఇంటర్నెట్‌లో చూసినదంతా మన ఇళ్లలో కుదరదు. ముడుచుకుని నిద్రపోయే పోజులు పుట్టిన రెండు వారాల్లోపే బాగా వస్తాయి. మన దగ్గరేమో పదకొండో రోజు దాకా, చాలా ఇళ్లలో ఇరవై ఒకటో రోజు బారసాల దాకా, ఫొటో అంటేనే దిష్టి అంటారు. ఆ తరువాత బిడ్డ కాళ్లు చాపుతుంది, చుట్టి పడుకోబెడితే లేస్తుంది. కాబట్టి బుట్టలు, గుడ్లగూబ టోపీలు కొనకండి. అమ్మ ఒడి, అమ్మమ్మ చేతులు, ఉయ్యాల, పాత చీర పొత్తిలి, వీటితో తీయండి. పదేళ్ల తరువాత ఆ కుటుంబం వెతుక్కునేవి ఇవే.

వేళ విషయంలో మన ఇళ్ల అలవాటే మీకు సాయం చేస్తుంది. నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లతో లాల పోసి, సాంబ్రాణి వేసి, పాలు పట్టాక పసిబిడ్డ మామూలుగా చాలాసేపు కదలకుండా పడుకుంటుంది. లాల ఎన్నింటికి పోస్తారో ముందురోజే అడగండి. పది అంటే మీరు పదింపావుకు అక్కడ ఉండాలి. మీరు లైటు, గుడ్డలు సర్దుకునేలోగా సాంబ్రాణి పొగ పోతుంది. పొగలోనే తీస్తే ఫొటో వెలిసినట్టు ఉంటుంది. ఒంటిమీద నూనె మిగిలితే నుదురు, బుగ్గలు తెల్లగా మెరిసిపోతాయి, మెత్తటి నూలు గుడ్డతో వాళ్ల అమ్మమ్మ చేతే అద్దించండి. దిష్టిచుక్క తుడవమని మాత్రం అడగొద్దు. చుక్క లేని ఫొటో కావాలంటే వాళ్లే చెప్తారు, ల్యాప్‌టాప్‌లో చెరిపేయొచ్చు.

గదిలో అడుగుపెట్టే ముందు కాళ్లూ చేతులూ కడుక్కోండి, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. మీకు గానీ మీ పిల్లలకు గానీ జలుబున్నా వెళ్లకండి, ఆ మాట ముందే చెప్పి తేదీ మార్చండి. ఏసీ, ఫ్యాను ఆపించండి. బిడ్డను ఎత్తు మీద పెట్టాల్సి వస్తే ఒక మనిషి చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. గాజు గిన్నెలు, వేలాడే ఊయల బుట్టలు వద్దు. గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నట్టు కనిపించే ఫొటో ఉంటుంది కదా, అది ఒక్క ఫొటో కాదు. ఒకసారి తల పట్టుకుని, ఇంకోసారి మణికట్లు పట్టుకుని తీసి, రెండూ కలిపి చేతులు చెరిపేస్తారు. అది తెలియక బిడ్డను అలా నిలబెట్టబోతే మెడకు ప్రమాదం. ఎవరైనా అడిగితే తీయనని చెప్పండి.

ఇక వెలుతురు. బాలింత గది కిటికీలు మూసి ఉంటాయి. గాలి తగలకుండా తలుపు వేసి, ఒక్క కిటికీ ఇరవై నిమిషాలు తీయమని అడిగితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. బిడ్డ తల కిటికీ వైపు, కొంచెం ఏటవాలుగా ఉండాలి. వెలుగు నుదుటి మీదుగా గడ్డం వైపు జారాలి. కాళ్ల వైపు నుంచి పడితే ముక్కు రంధ్రాలు, గడ్డం కిందిభాగం వెలిగి ముఖం వికారంగా వస్తుంది. కిటికీ తెరిచాక గదిలో ట్యూబులైట్లు ఆపేయండి. రెండు రంగుల వెలుతురు కలిస్తే ఒక బుగ్గ నీలం, ఒక బుగ్గ పసుపు అవుతుంది, ఎడిటింగ్‌లో అది సరిచేయడానికి గంటలు పడుతుంది. పైగా కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, షట్టర్ వేగం పెంచితే ఫొటోలో చారలు పడతాయి. ఆకుపచ్చ, గులాబీ గోడలున్న గదిలో బిడ్డ ఒంటికి ఆ రంగే అంటుకుంటుంది. గోడకూ బిడ్డకూ మధ్య ఒక తెల్ల దుప్పటి అడ్డం కట్టండి, సమస్య తీరుతుంది. నిద్రపోయే బిడ్డకు షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు, పాకే బిడ్డకు 1/500 వంతు కంటే తగ్గనివ్వకండి. దానికోసం ఐఎస్ఓ (కెమెరా వెలుతురును ఎంత ఎక్కువ చేసి చూపాలో చెప్పే అంకె) 1600 అయినా పరవాలేదు. కాస్త గరుకుదనం ఎవరూ పట్టించుకోరు, అదిరిపోయిన ఫొటోను ఎవరూ క్షమించరు.

మీ దగ్గరున్న లక్షన్నరలో 30 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగతా 1,20,000లో కెమెరాకు 70 వేలు దాటొద్దు, అవసరమైతే సెకండ్‌హ్యాండ్ చూడండి. లెన్సుకు 28 వేలు, పైకప్పుకు తిప్పి కొట్టగల ఫ్లాష్‌కు 7 వేలు, రెండో బ్యాటరీ, రెండు మెమరీ కార్డులు, రెండు హార్డ్‌డిస్కులకు 15 వేలు. అందరూ 50 ఎం.ఎం. లెన్సు కొనమంటారు. చిన్న సెన్సారు (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు) ఉన్న కెమెరా మీద అది 75, 80 ఎం.ఎం. లెన్సులా దగ్గరగా చూపిస్తుంది, పది అడుగుల గదిలో వెనక్కి జరగడానికి చోటుండదు. మొదట 35 ఎం.ఎం. కొనండి. కెనాన్ ఆర్50, సోనీ ఎ6400 లాంటి కెమెరాల్లో కార్డు స్లాటు ఒక్కటే. షూట్ సగంలో కార్డు మార్చేయండి, ఒకటి పాడైనా రెండో సగం దక్కుతుంది. ఆ సాయంత్రమే రెండు డిస్కుల్లోకీ ఎక్కించి, ఒక డిస్కును పుట్టింట్లోనో, స్నేహితురాలి ఇంట్లోనో ఉంచండి. ఆల్బం చేతికి ఇచ్చేదాకా కార్డులో ఏమీ చెరపొద్దు. ల్యాప్‌టాప్ బాబుకు అందని చోట ఉండాలని మీకు చెప్పక్కర్లేదు గానీ, హార్డ్‌డిస్కు వైరు కూడా అంతే. ఫైళ్లు డిస్కులోకి ఎక్కుతుండగా లాగేస్తే అవి పోతాయి.

ధర దగ్గరే ఇలాంటి వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. 1,20,000 సామాను మూడేళ్లు పనికొస్తుందనుకుంటే నెలకు సుమారు 3,350. సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ నిల్వ 1,000. రిపేర్లకు 1,000. ఫోను, ప్రచారం 650. మొత్తం 6,000. నెలకు ఆరు షూట్లు చేస్తే ఒక్కోదాని మీద 1,000 పడుతుంది. దానికి ఆటో 400, వెంట వచ్చే మనిషికి 600, గుడ్డలు ఉతికించడానికి 200 కలిపితే 2,200. ఇది మీ చేతి ఖర్చు మాత్రమే. షూట్ రెండు గంటలు, సర్దుకోవడం, ప్రయాణం గంటన్నర, ఏరడం, ఎడిటింగ్ అయిదు గంటలు, ఫోన్లు, ఫొటోలు పంపడం ఒక గంట: మొత్తం తొమ్మిదిన్నర గంటలు. గంటకు 200 వేసుకున్నా 1,900. అంటే 4,100కు తగ్గితే మీరు నష్టానికి చేస్తున్నట్టే. 'ఆఫర్ 2,499' అని పెడితే మీకు మిగిలేది 299, గంటకు 31 రూపాయలు. ఆల్బం ఈ లెక్కలో లేదు. ల్యాబు బిల్లు, దానిమీద మూడు గంటల డిజైన్ కూలీ వేసి విడిగా చెప్పండి.

వెంట వచ్చే మనిషి ఆడపడుచైనా, చెల్లెలైనా ఆ 600 ఇవ్వండి. అత్తయ్యగారు బాబును చూసుకుంటున్న పనినీ ఊరికే వచ్చేదిగా తీసుకోకండి. నెలకు ఏ ఏ రోజులు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా బయట ఉంటారో ఒకటో తేదీనే ఆవిడకూ, మీవారికీ చెప్పి క్యాలెండర్ మీద రాయండి. నెలకు ఆరు షూట్లంటే 57 గంటలు, వారానికి 14 గంటల పైచిలుకు. ఒక వారం ఒకటి, మరుసటి వారం రెండు చొప్పున ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట మధ్య షూట్లు. బాబు మధ్యాహ్నం పడుకున్నప్పుడు గంటన్నర చొప్పున అయిదు రోజులు ఎడిటింగ్. రాత్రిపూట వారంలో రెండు రోజులకు మించి కూర్చోకండి, నిద్ర కళ్లతో రంగులు సరిచేస్తే ప్రింటులో అంతా ఎర్రగానో, పచ్చగానో వస్తుంది. స్క్రీను వెలుతురు ఎక్కువ పెట్టి చూసినా ప్రింటు నల్లగా వస్తుంది. కాబట్టి మొదటి ఆల్బంకు ముందు ఒక 4×6 కాపీ వేయించి స్క్రీనుతో పోల్చుకోండి. 12×36 అంగుళాల ఆల్బం షీటుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10,800 × 3,600 పిక్సెళ్లు కావాలి. ముఖం మడత మీద పడకుండా చూడండి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఈ పట్టిక తలకిందులవుతుంది. పాప మధ్యాహ్నానికల్లా ఇంటికొస్తుంది, ఆ తరువాత వేసవి సెలవులు జూన్ రెండో వారం దాకా. ఆ మూడు నెలల్లో నెలకు ఆరు కాదు, మూడు షూట్లే ఒప్పుకోండి. వరలక్ష్మీ వ్రతం నాడు, మీ ఇంట్లో నోములున్న రోజు బుకింగ్ పెట్టొద్దు. భోగిపళ్లకు గిరాకీ బాగా ఉంటుంది కానీ ఆ సాయంత్రం మీ బాబుకూ పోయాలి. అందుకని పండగకు వారం ముందే ముగ్గు, గొబ్బెమ్మలు, రేగుపళ్లతో ఒక మూల అమర్చి అరగంట చొప్పున చిన్న షూట్లు పెట్టండి. కృష్ణాష్టమికి ముందు కిరీటం, పిల్లనగ్రోవి, వెన్నకుండతోనూ ఇలాగే. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లవాళ్లు ఖాళీగా ఉంటారు, మీకు మాత్రం పని ఆగదు, పసిపిల్లలకు మూఢం లేదు కదా.

ఒప్పందం పెద్ద పత్రం అక్కర్లేదు, ఒక వాట్సాప్ సందేశం చాలు. సగం అడ్వాన్సు, 30 ఫొటోలు, 15 రోజుల్లో ఇస్తాను, ఒకసారి మార్పులు చేస్తాను, ఏ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఖర్చు లేకుండా తేదీ మారుతుంది, 90 రోజుల తరువాత ఫైళ్లు దాచే బాధ్యత నాది కాదు. చివర్లో ఇంకొక ప్రశ్న: 'మీ బిడ్డ ఫొటో నా పేజీలో పెట్టుకోవచ్చా?' అవుననో, కాదనో రాతపూర్వకంగా తీసుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. తీసినవాళ్లదని చాలామంది పొరబడతారు.

రిజిస్ట్రేషన్ త్వరగా అయిపోయే పని. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం, డబ్బులడిగే మధ్యవర్తులు అక్కర్లేదు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం పడదు. ఈ పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి. కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు రుణం 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, మీకు ఇప్పుడు అవసరం లేదు. బంగారం మీద అప్పు తెచ్చి పెద్ద కెమెరా కొనే ఆలోచన ఉంటే మానుకోండి. నేర్చుకోవడానికి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ బ్యాచ్ ఎప్పుడు ఉందో కనుక్కోండి. అక్కడ శిక్షణ ఉచితం.

కెమెరా వచ్చిన మొదటి నెల డబ్బు తీసుకోకండి, చుట్టాల ఇళ్లలో అయిదు షూట్లు చేయండి. ఆటో, మనిషి, గుడ్డల ఖర్చు 1,200లో గుడ్డలవి మీరు పెట్టుకుని వెయ్యి మాత్రం వాళ్లను ఇమ్మనండి. ప్రతి షూట్‌కూ గడియారం చూసి గంటలు రాయండి. ఎడిటింగ్‌కు అయిదు కాదు, తొమ్మిది గంటలు పడితే కంగారొద్దు, మొదట్లో అందరికీ అంతే. 400 తీసి 30 ఏరడం అలవాటయ్యేదాకా సమయం పడుతుంది. అయిదోది పూర్తయ్యాక ఆ గంటలు పైన చెప్పిన లెక్కలో వేసి మీ ధర రాసుకోండి. తరువాత దగ్గరలోని ప్రసూతి ఆసుపత్రికీ, ప్లేస్కూలుకూ ఒక చిన్న ఆల్బం పట్టుకుని వెళ్లండి.