కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 7 పడుతుందా? డీటీపీ వాళ్లకు నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: విజయవాడలో డీటీపీ పని చేస్తున్నారు. విండోస్ 11తో వచ్చిన కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. పాత పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్ల కోసం అది తీసేసి విండోస్ 7 వేద్దామంటే, ఇన్‌స్టాలేషన్ మొదట్లోనే కీబోర్డూ మౌసూ పనిచేయడం మానేస్తున్నాయి. ఒక షాపులో అవుతుందన్నారు, ఇంకో షాపులో కాదన్నారు.

నాది గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ సెంటరు. సరిగ్గా ఇదే ఇబ్బంది నాకూ వచ్చింది కాబట్టి సూటిగా చెప్తాను. విండోస్ 11 తీయకండి. దాని లోపలే వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని, నడిపే ప్రోగ్రామ్) పెట్టుకుని అందులో విండోస్ 7 వేసుకోండి. మా దగ్గర పాత ఫైళ్ల పనంతా ఇప్పుడు అలాగే నడుస్తోంది.

నేరుగా ఎందుకు పడదో ముందు చెప్తాను. విండోస్ 7 వచ్చింది 2009లో. అప్పటికి దానిలో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్ నడపడానికి కావలసిన ప్రోగ్రామ్) లేదు. ఇంటెల్ 6వ జనరేషన్ నుంచి చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్ తీసేశారు. అందుకే సెటప్ స్క్రీన్ వచ్చాక మౌస్ కదలదు, పెన్‌డ్రైవ్ పెట్టినా 'సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు' అని అడుగుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి (కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే వేగమైన డిస్కుకి) కూడా దానిలో డ్రైవర్ లేదు కాబట్టి డిస్కు కనబడదు. ఈ రెండు డ్రైవర్లనూ ఐఎస్‌ఓలో (విండోస్ ఇన్‌స్టాలేషన్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) కలుపుకోవచ్చు, అలా కలిపి వేసినవాళ్లూ ఉన్నారు.

అసలు అడ్డంకి ఆ తర్వాత వస్తుంది. మా ల్యాప్‌టాప్ 12వ జనరేషన్. డ్రైవర్లన్నీ కలిపిన పెన్‌డ్రైవ్‌తో, మాకు సర్వీసు చేసే కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని బూట్ చేశాం. నల్లటి తెర మీద 'స్టార్టింగ్ విండోస్' అన్న అక్షరాలు వచ్చాయి, అంతే, అక్కడే బిగుసుకుపోయింది. కారణం ఏంటంటే, విండోస్ 7 తెర మీద బొమ్మ వేయడానికి పాత బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) పద్ధతిని అడుగుతుంది. ఆ పద్ధతిని సీఎస్‌ఎం అనే సెట్టింగ్ అందించేది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ సెట్టింగే ఉండదు. మీ బయోస్‌లో సీఎస్‌ఎం గానీ లెగసీ బూట్ గానీ కనబడకపోతే ఇక దాని మీద సాయంత్రాలు వృథా చేసుకోవద్దు. ఒకవేళ ఎలాగో పడినా గ్రాఫిక్స్‌కీ వైఫైకీ కంపెనీ డ్రైవర్లు దొరకవు. ఇంటెల్ 7వ జనరేషన్ నుంచి మైక్రోసాఫ్ట్ విండోస్ 10, ఆపై వాటికే సపోర్ట్ అని తేల్చేసింది. సాగదీసినట్టుండే తెర మీద శుభలేఖ డిజైన్ చేయడం కంటికి నరకం.

ఫైళ్లన్నీ వదిలేసి యూనికోడ్‌కి (ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతికి) మారిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. కొత్త పని నేనూ యూనికోడ్‌లోనే చేస్తున్నాను, మీరూ చేయండి. కానీ పాతవాటి సంగతి వేరు. అను లాంటి పాత ఫాంట్లతో చేసిన ఫైల్లో ఉన్నది తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంటులోని బొమ్మల కోడ్లు. ఫాంటు లేని చోట తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' కూడా గజిబిజి గుర్తుల్లా కనబడుతుంది. మిర్చి యార్డు కమీషన్ కొట్లవాళ్లు ఏటా అదే బిల్లుబుక్కు అడుగుతారు. పెద్దమ్మాయి కార్డు తెచ్చి, చిన్నమ్మాయిక్కూడా అచ్చం ఇలాగే కావాలనేవాళ్లు ప్రతి ముహూర్తాల్లోనూ వస్తారు. ఆ ఫైళ్లు మన బతుకుతెరువు, పారేయలేం.

ముందుగా పేజ్‌మేకర్‌ని విండోస్ 11లోనే వేసి చూడండి. 7.0 అయితే 32 బిట్ ప్రోగ్రామే కాబట్టి కొన్నిచోట్ల తెరుచుకుంటుంది, మా దగ్గరా తెరుచుకుంది. తెలుగు టైపింగ్ మాత్రం కుదురుకోలేదు. ఇంకా పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నిటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. 16 బిట్‌వి 32 బిట్ విండోస్‌లోనే నడుస్తాయి, విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు కాబట్టి అవి అసలు కదలవు. అందుకే వర్చువల్ మెషీన్‌లో 32 బిట్ విండోస్ 7 వేసుకోండి.

మీ పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే అదృష్టమే. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్‌లో డిస్క్2వీహెచ్‌డీ అని చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని పాత కంప్యూటర్లో నడిపి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి మొత్తం డిస్కును ఒకే ఫైలుగా తీసుకోవచ్చు. వీహెచ్‌డీఎక్స్ అన్న టిక్ తీసేయండి. ఆ ఫైలును వర్చువల్‌బాక్స్‌లో హార్డ్‌డిస్కుగా చూపిస్తే ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, డెస్క్‌టాప్ మీద ఫోల్డర్లు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మొదటిసారి నీలం తెర మీద 7బీ అని ఎర్రర్ వస్తే కంగారు పడకండి. స్టోరేజ్ కంట్రోలర్‌ని ఐడీఈకి, లేదా పాత కంప్యూటర్‌లో ఏది ఉంటే దానికి మార్చండి. హార్డ్‌వేర్ మారినట్టు కనబడుతుంది కాబట్టి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మెషీన్‌కే పరిమితం. విడిగా కొన్న లైసెన్సు ఉంటే అది వాడండి. లైసెన్సు లేకుండా విండోస్‌ని యాక్టివేట్ చేసే దొంగ ప్రోగ్రామ్‌ల (యాక్టివేటర్ల) జోలికి, ఎవరో కలిపి పెట్టిన ఐఎస్‌ఓల జోలికి వెళ్లకండి.

సెట్టింగ్స్ విషయానికొస్తే, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి. ఏఎమ్‌డీలో అయితే దాని పేరు ఎస్‌వీఎం. విండోస్ 7కి 2 జీబీ ర్యామ్ ఇచ్చినా పేజ్‌మేకర్‌కి ధారాళం. యూఎస్‌బీ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌ నడవడానికి కంప్యూటర్‌కి తగిలించే తాళం లాంటి చిన్న పరికరం) ఉంటే వర్చువల్‌బాక్స్‌లో యూఎస్‌బీ కంట్రోలర్‌ని 2.0గా ఎంచుకుని, పైన డివైసెస్ మెనూలో డాంగిల్ పేరు మీద టిక్ పెట్టండి. నెట్‌వర్క్ కేబుల్ టిక్ మాత్రం తీసేయండి. విండోస్ 7కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, దానికి ఇంటర్నెట్ ఇవ్వడం అనవసరం. వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్‌ని లోపలి విండోస్‌లో వేసి ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టుకుంటే చాలు, ఫైళ్లు అటూ ఇటూ వెళ్తాయి. ప్రింటర్‌ని లోపలి విండోస్‌కి తగిలించే తంటాలు పడకండి. లోపల పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేయండి, బయట విండోస్ 11 నుంచి ప్రింట్ తీయండి. ప్రింటింగ్ ప్లేట్లు చేసే వాళ్లకి పంపేదీ ఆ పీడీఎఫే.

ఇంకొక్క ముఖ్యమైన మాట. వర్చువలైజేషన్ కోసమైనా సరే, బయోస్‌లోకి వెళ్లే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సౌకర్యం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెక్యూర్ బూట్ లాంటివి మారిస్తే 48 అంకెల కీ అడిగి ఆపేస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయితే ఆ కీ కనబడుతుంది.

మీకు డాంగిల్ ఉంటే అది యూఎస్‌బీదా, లేక వెనక ప్రింటర్ పోర్టుకి పెట్టే పాతరకందా చెప్పలేదు. పాతరకమైతే ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టే ఉండదు, వర్చువల్‌బాక్స్‌తోనూ పని జరగదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లను అడిగి యూఎస్‌బీ డాంగిల్‌కి మార్పించుకోవాలి, లేదంటే ఆ పోర్టు ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి వెతుక్కోవాలి. ఆ రెండిట్లో మీది ఏదో చెప్పండి, దాన్నిబట్టి మిగతాది రాస్తాను.